ఇంటర్నెట్ అమ్మేవాడికి మన హోమ్ పేజీతో ఏం పని?

రోజూ పొద్దున్నే పాలు పోసే అబ్బాయి ఒకడున్నాడనుకోండి. పాలు పోసేసి తన దారిన తను పోకుండా, "అమ్మగారూ, ఇవాళ వానొస్తుందిట, మీ రాశి ఏదో చెప్తే రాశిఫలం కూడా చెప్తాను, నిన్నటి మ్యాచి స్కోరు ఇదీ, ఏది ముందు చెప్పాలో ఏది తర్వాత చెప్పాలో మీ ఇష్టం" అంటూ వసారాలో చతికిలబడ్డాడనుకోండి. మొదటి రోజు ముచ్చటగానే ఉంటుంది. రెండో రోజుకి మాత్రం "వీడికి దీనివల్ల ఏమిటి లాభం?" అన్న అనుమానం వస్తుంది. రావాలి కూడా.

1990ల చివర్లోనూ, 2000ల్లోనూ ఇంటర్నెట్ సర్వీస్ ప్రొవైడర్లు (ఇకమీదట ఐఎస్పీలు అనుకుందాం) చేసింది అచ్చంగా ఇదే. మనం డబ్బు కట్టేది కనెక్షన్ కోసం. వాళ్ళిచ్చిన సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చేసుకుంటే బ్రౌజర్ తెరవగానే వాళ్ళ పేజీ వచ్చేది. మన ఊరి వాతావరణం, మన షేర్ల ధరలు, వార్తలు, రాశిఫలాలు, ఒక సెర్చ్ పెట్టె, ఓ మూల "ఈ పేజీని మీకు నచ్చినట్టు మార్చుకోండి" అని ఒక లింకు. వై2కే రోజుల్లో అమెరికా వెళ్ళిన మనవాళ్ళకి ఇది బాగా తెలుసు. ఈ పేజీ కావాలని ఎవరూ అడగలేదు. దీనికి ఎవరూ పైసా కట్టలేదు. అయినా దీన్ని తయారు చెయ్యడానికీ, కొనడానికీ కంపెనీలు వందల కోట్ల డాలర్లు పోశాయి. ఎందుకూ?

"కస్టమర్ సౌకర్యం కోసం" అని వాళ్ళ మార్కెటింగ్ వాళ్ళు చెప్పేవారు. అది కొంత నిజమే, కాదనను. కానీ సౌకర్యం కోసమే అయితే ఇన్ని డబ్బులు పొయ్యరు. అసలు కథ కొంచెం వెనక్కి వెళ్తే గానీ అర్థం కాదు.

డీఫాల్ట్ మహిమ

మన వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సత్యం ఒకటుంది: డీఫాల్ట్ సెట్టింగుని ఎవరూ మార్చరు. కాన్ఫిగ్ ఫైల్లో మీరు యాభై ఆప్షన్లు ఇవ్వండి, డాక్యుమెంటేషన్ ఎంత చక్కగా అయినా రాయండి, నూటికి తొంభై మంది మీరు ఏది పెట్టి పంపారో దానితోనే బతికేస్తారు.

జాలంలో ఈ సత్యం విలువని మొదట పసిగట్టింది నెట్‌స్కేప్. 1994లో వాళ్ళ నావిగేటర్ బ్రౌజర్ వచ్చింది. తెరవగానే నెట్‌స్కేప్ వారి సొంత పేజీ వచ్చేది. అది వాళ్ళు పెద్ద వ్యాపార వ్యూహంతో పెట్టిందేమీ కాదు, ఏదో ఒక పేజీ రావాలి కాబట్టి తమది పెట్టుకున్నారు. కానీ లక్షల మంది దాన్ని మార్చకుండా అలాగే వదిలేశారు. దాంతో ప్రపంచంలోనే అందరికన్నా ఎక్కువ మంది చూసే పేజీల్లో అదొకటైపోయింది. అందులో "నెట్ సెర్చ్" అని ఒక బటన్ ఉండేది. 1996లో ఆ బటన్ వెనక కనపడే హక్కు కోసం యాహూ, ఎక్సైట్, లైకాస్, ఇన్ఫోసీక్, మాగెల్లాన్ అనే ఐదు కంపెనీలు ఏడాదికి తలా 50 లక్షల డాలర్లు కట్టాయి.

ఆలోచించండి. బ్రౌజర్‌ని చాలామంది ఉచితంగానే వాడుకుంటున్నారు. దానిలో ఒక్క బటన్ మీద మాత్రం ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్లు. ఆ వార్త చదివిన ప్రతి ఐఎస్పీ యజమానికీ ఒకటే ఆలోచన వచ్చి ఉంటుంది: "బ్రౌజర్ జనం దగ్గరికి వెళ్ళేది నా సీడీలో కదా! డీఫాల్ట్ పేజీ పెట్టే అవకాశం నా చేతిలోనే ఉంది కదా!"

గంటల లెక్క పోయింది

ఇక్కడ ఏఓఎల్ గురించి చెప్పుకోవాలి. అమెరికా ఆన్‌లైన్ మొదట్లో అసలు ఇంటర్నెట్ కాదు, తనదైన ఒక ప్రహరీగోడ లోపలి ఊరు. వార్తలు, కబుర్ల గదులు, ఆటలు అన్నీ లోపలే. నెలకి 9.95 డాలర్లకి ఐదు గంటలు, ఆ పైన గంటకి 2.95 డాలర్లు. ఈ పద్ధతిలో జనం ఎంతసేపు కూర్చుంటే ఏఓఎల్‌కి అంత లాభం.

1996 డిసెంబర్‌లో పోటీ తట్టుకోలేక ఏఓఎల్ రేటు మార్చింది. నెలకి 19.95 డాలర్లు కట్టు, ఎంతసేపైనా ఉండు. జనం ఎగబడ్డారు. ఒకసారి కనెక్ట్ అయినవాడు ఇక ఫోన్ పెట్టెయ్యడే! 1997 మొదట్లో ఎవరు డయల్ చేసినా బిజీ టోనే. గొడవ పెద్దదై చాలా రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు జోక్యం చేసుకుని వినియోగదారులకి డబ్బు వాపసు ఇప్పించాల్సి వచ్చింది.

బిజీ టోన్ల సంగతి అందరికీ గుర్తుంది గానీ, ఆ రేటు మార్పులో అసలు విశేషం వేరే ఉంది. ఒక్క రాత్రిలో వ్యాపారం లెక్క తలకిందులైపోయింది. నిన్నటిదాకా కస్టమర్ కూర్చున్న ప్రతి గంటా ఆదాయం. ఈ రోజు నుంచి ప్రతి గంటా ఖర్చు. మోడెమ్‌లూ, ఫోను లైన్లూ కొంటూ పోవాల్సిందే, వచ్చేది మాత్రం ఆ ఇరవై డాలర్లే. మరి ఆ గంటల్లోంచి డబ్బు రాబట్టడం ఎలా? అతను చూస్తున్న తెరని ఇంకొకడికి అద్దెకివ్వాలి. పుస్తకాలమ్మేవాడికీ, పూలమ్మేవాడికీ, ఫోన్ కంపెనీకీ. ఏఓఎల్ ఆ దారిలో ఎంత దూరం వెళ్ళిందంటే 2000 జనవరిలో టైమ్ వార్నర్ లాంటి సంస్థని కలిపేసుకుంటానని ప్రకటించగలిగింది.

చిన్నాపెద్దా ఐఎస్పీలందరికీ ఇదే ఇరకాటం. నెలకి ఇరవై డాలర్లు అనేది రివాజైపోయింది. డయల్ టోన్ ఎవరిచ్చినా డయల్ టోనే. వీడి ఇంటర్నెట్ తియ్యగా, వాడిది పుల్లగా ఉండదు కదా. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళకి బ్రాండ్ ఏముంటుంది? రేటు తగ్గించుకుంటూ పోవడం తప్ప వేరే దారి లేని వ్యాపారం అది. ఆ భయమే ఈ పోర్టళ్ళ పుట్టుకకి అసలు కారణం. కుళాయి నీళ్ళ వాడిగా మిగిలిపోకూడదనే తాపత్రయం.

ఇంగ్లండులో ఇది ఇంకా విచిత్రమైన రూపం తీసుకుంది. 1998 సెప్టెంబర్‌లో డిక్సన్స్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ ఫ్రీసర్వ్ పేరుతో నెలవారీ చందా లేని ఇంటర్నెట్ మొదలెట్టింది. అక్కడ లోకల్ కాల్‌కి కూడా నిమిషాల లెక్కన డబ్బు పడుతుంది. ఆ కాల్ డబ్బుల్లో కొంత వాటా ఫ్రీసర్వ్‌కి వచ్చేది. అంటే మనిషి ఎంతసేపు లైను మీద ఉంటే అంత లాభం. వాడు ఆన్‌లైన్‌లో ఉండడానికి ఏదో ఒకటి చూపించాలి కదా, అందుకని ఒక పోర్టల్. పైగా ఆ పోర్టల్ మీద ప్రకటనల ఆదాయం అదనం. కొద్ది నెలల్లోనే ఏఓఎల్‌ని దాటి అక్కడ అతి పెద్ద ఐఎస్పీ అయిపోయింది, 1999లో షేర్ మార్కెట్‌కీ ఎక్కింది.

"నచ్చినట్టు మార్చుకోండి" ఎందుకు?

సరే, పోర్టల్ ఎందుకో అర్థమైంది. మరి దాన్ని మార్చుకునే వీలు ఎందుకిచ్చారు? అందరికీ ఒకే పేజీ చూపిస్తే పని తక్కువ కదా? సర్వర్ మీద లోడు తక్కువ, కాషింగ్ తేలిక. ఒక్కొక్కడికీ ఒక్కో పేజీ తయారు చెయ్యడమంటే ఆ రోజుల హార్డ్‌వేర్‌కి చిన్న పనేం కాదు.

దీనికి నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, మార్చుకోనివ్వకపోతే జనం పేజీనే మార్చేస్తారు. 1996లోనే మై యాహూ వచ్చేసింది. మీ వార్తలు, మీ షేర్లు, మీ ఊరి ఎండావానా అన్నీ ఒక్కచోట. దాని రుచి చూసినవాడు ఐఎస్పీ వాడి పనికిమాలిన పేజీ తీసేసి దాన్నే హోమ్ పేజీగా పెట్టుకుంటాడు. డీఫాల్ట్‌ని ఎవరూ మార్చరన్నాను గానీ, మరీ విసుగు పుట్టిస్తే మారుస్తారు. కాబట్టి "లోపల ఏమైనా మార్చుకో నాయనా, అడ్రసు మాత్రం మార్చకు" అన్నది ఐఎస్పీ వాడి బేరం.

రెండోది, వివరాలు. మామూలుగా ఎవరైనా ఫారం ఇచ్చి "మీ వయసెంత, సంపాదన ఎంత, ఉండేదెక్కడ" అని అడిగితే "నీకెందుకయ్యా?" అంటాం. కానీ వాతావరణం కావాలంటే జిప్ కోడ్ మనమే ఇస్తాం. రాశిఫలం కావాలంటే పుట్టిన తేదీ మనమే ఇస్తాం. షేర్ల ధరలు కావాలంటే మన దగ్గరున్న షేర్ల పేర్లు వరసగా టైపు చేస్తాం. ఏ ఆటలు, ఏ సినిమాలు, ఏ జట్టు, అన్నీ టిక్కులు పెడతాం. సర్వే వాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా రాని సమాచారం, మనమే సరదాగా కూర్చుని నింపేశాం. ప్రకటనలు ఇచ్చేవాడికి ఇది బంగారం. అందులోనూ మామూలు వెబ్‌సైట్‌కి దొరికేది ఒక కుకీ మాత్రమే. ఐఎస్పీ దగ్గర మన అసలు పేరు, బిల్లు చేరే ఇంటి చిరునామా ముందే ఉన్నాయి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది: కట్టిపడెయ్యడం. అద్దె ఇంట్లో మేకులు కొట్టి పటాలు తగిలించి, కుండీల్లో మొక్కలు పెంచి, అటక మీద సామాను సర్దుకున్నాక ఇల్లు ఖాళీ చెయ్యబుద్ధి కాదు. అద్దె వంద పెంచినా సణుక్కుంటూ ఇచ్చేస్తాం. ఐఎస్పీ ఇచ్చిన ఈమెయిల్ అడ్రసు, దానితో పాటు నెలల తరబడి సర్దుకున్న పేజీ, ఇవి అలాంటి మేకులే. పోటీవాడు రెండు డాలర్లు తక్కువకిస్తానన్నా "అబ్బా, మళ్ళీ అవన్నీ ఎవడు సర్దుకుంటాడు, అందరికీ కొత్త మెయిల్ ఎవడు చెప్తాడు" అనిపిస్తుంది. కస్టమర్‌ని కొత్తగా సంపాదించడం కన్నా ఉన్నవాణ్ణి పోకుండా చూసుకోవడం చవక. పేజీ మీద ప్రకటనల ఆదాయం ఒక్క డాలర్ రాకపోయినా, ఈ ఒక్క కారణానికే పోర్టల్ నడపొచ్చు.

అంటే "మై పేజ్", "నా పేజీ" అన్న దాంట్లో "నా" అన్నది ఎవరిని ఉద్దేశించిందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. పటాలు మనవి, గోడ వాళ్ళది.

670 కోట్ల పెళ్ళి

ఈ ఆలోచనని పరాకాష్ఠకి తీసుకెళ్ళినవాళ్ళు ఎట్ హోమ్ నెట్‌వర్క్ వాళ్ళు. 1995లో అమెరికాలో కేబుల్ టీవీ వైర్ల మీద ఇంటర్నెట్ ఇవ్వడానికి, టీసీఐ అనే కేబుల్ కంపెనీ, క్లైనర్ పెర్కిన్స్ అనే పెట్టుబడి సంస్థ కలిసి పెట్టిన కంపెనీ ఇది. గొట్టం వాళ్ళ దగ్గరుంది. గొట్టంలోంచి చూపించడానికి సరుకు కావాలి. 1999 జనవరిలో ఎక్సైట్ పోర్టల్‌ని 670 కోట్ల డాలర్ల విలువకి కొంటున్నట్టు ప్రకటించారు. అదే ఏడాది బ్లూ మౌంటెన్ అనే గ్రీటింగ్ కార్డుల సైట్‌ని సుమారు 78 కోట్ల డాలర్లకి కొన్నారు. అవును, పండగలకి పంపుకునే ఉచిత గ్రీటింగ్ కార్డులే.

ఆ 1999లోనే ఇంకో బేరం కూడా వాళ్ళ గుమ్మం దాకా వచ్చింది. స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ళిద్దరు తాము తయారు చేసిన గూగుల్ అనే సెర్చ్ ఇంజన్‌ని పది లక్షల డాలర్ల లోపే అమ్ముతామన్నారు. మధ్యలో మన వినోద్ ఖోస్లా బేరమాడి ఏడున్నర లక్షలకి దింపారంటారు. ఎక్సైట్ వద్దంది. దీని గురించి ప్రచారంలో ఉన్న కథ ఏమిటంటే, గూగుల్ మరీ బాగా వెతికిపెడుతోంది, జనం వెతుక్కున్నది దొరికి వెంటనే వెళ్ళిపోతే మన పేజీలో ఎవరుంటారు అన్నారని. ఎక్సైట్ అధిపతి జార్జ్ బెల్ తర్వాత చెప్పింది మాత్రం, తమ సెర్చ్ అంతా పీకేసి గూగుల్‌ది పెట్టాలన్న షరతు దగ్గర తేడా వచ్చిందని. ఏది ఏమైనా పోర్టల్ మనస్తత్వం ఆ కథలో చక్కగా కనపడుతుంది. పోర్టల్‌కి కావల్సింది మనం ఆగిపోవడం. మనకి కావల్సింది పని చూసుకుని పోవడం.

తర్వాతేమైంది? డాట్ కామ్ బుడగ పేలింది. 2001 సెప్టెంబర్ 28న ఎక్సైట్ ఎట్ హోమ్ దివాలా పిటిషన్ వేసింది. 78 కోట్ల గ్రీటింగ్ కార్డుల సైట్‌ని ఆ నెలలోనే మూడున్నర కోట్లకి అమ్ముకున్నారు. డిసెంబర్ 1న, బేరసారాలు బెడిసికొట్టి, ఏటీ అండ్ టీ కేబుల్ కస్టమర్లు సుమారు 8.5 లక్షల మందికి కనెక్షన్ కట్ చేసేశారు. 2002 ఫిబ్రవరి 28తో మొత్తం మూతపడింది.

నష్టపోయిన షేర్‌హోల్డర్ల గురించి అందరూ రాశారు. నాకు మాత్రం ఆ మామూలు కస్టమర్లే కళ్ళముందు మెదులుతారు. వాళ్ళ ఈమెయిల్ చిరునామా ఆ కంపెనీ పేరు మీద ఉంది. ఉద్యోగం దరఖాస్తుల్లో, బ్యాంకులో, బంధువుల దగ్గర అంతా అదే అడ్రసు. ఇంటివాడు దివాలా తీస్తే గోడకి తగిలించిన పటాలు కూడా జప్తయినట్టు, కంపెనీతో పాటు అదీ పోయింది. కట్టిపడేసే తాడు రెండో కొసన ఏముంటుందో అప్పుడు తెలిసింది.

మన సత్యం, మన సమాచార్

ఈ జ్వరం మన దేశానికీ తగిలింది, అదీ మన తెలుగువాళ్ళ కంపెనీ ద్వారానే. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ మొదలెట్టింది. మూడేళ్ళకి పైగా అదే గుత్తాధిపత్యం. 1998 నవంబర్‌లో ప్రైవేటు వాళ్ళకి తలుపులు తెరిచారు. వెంటనే రంగంలోకి దూకింది సత్యం ఇన్ఫోవే, హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కి అనుబంధ సంస్థ. సత్యం ఆన్‌లైన్ పేరుతో మొదటి ప్రైవేటు ఐఎస్పీ అయింది. 1999 అక్టోబర్‌లో నాస్‌డాక్‌లో లిస్టయింది. ఆ ఘనత సాధించిన మొదటి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అదే.

చేతికి డబ్బొచ్చిన నెలకే, 1999 నవంబర్‌లో, రాజేశ్ జైన్ నడుపుతున్న ఇండియావరల్డ్‌ని 499 కోట్ల రూపాయలకి కొంటున్నట్టు ప్రకటించింది. ఏమున్నాయి అందులో? వార్తలకి సమాచార్, క్రికెట్‌కి ఖేల్, వెతుకులాటకి ఖోజ్, వంటలకి బావర్చి. అంతే. ఆ రోజుల్లో 499 కోట్లంటే పేపర్ చదివిన ప్రతివాడూ రెండుసార్లు చదువుకున్నాడు. "వంకాయ కూర ఎలా వండాలో చెప్పే సైట్‌కి ఇంత డబ్బా!"

ఎట్ హోమ్ కథ చూశాక ఇది వింతగా అనిపించదు. గొట్టం ఉన్నవాడు సరుకు కొనుక్కున్నాడు. సత్యంలో మోడెమ్ కనెక్షన్ తీసుకున్న మనిషి మొదట సత్యం పేజీలోనే ఆగాలి, అక్కడి నుంచి సమాచార్‌కో ఖేల్‌కో పోవాలి, మొత్తం మీద ప్రహరీ దాటకూడదు. చమత్కారం ఏమిటంటే, సమాచార్‌ని హోమ్ పేజీగా పెట్టుకున్నవాళ్ళలో సత్యం కనెక్షన్‌తో సంబంధం లేని ప్రవాసులు ఎందరో. మన పత్రికలన్నిటి శీర్షికలూ ఒకే పేజీలో, బొమ్మలూ ఆర్భాటం లేకుండా, ఆఫీసు కంప్యూటర్లో గబగబా తెరుచుకునేలా ఉండేది. వాళ్ళు ఏ ఐఎస్పీ చెప్పినందుకూ రాలేదు. పనికొచ్చింది కాబట్టి వచ్చారు. డబ్బు మాత్రం గొట్టంతో ముడిపెట్టిన లెక్క మీద పెట్టారు. బుడగ పేలాక ఆ లెక్క కుదరలేదు. ఇన్ఫోవే పేరు సిఫీ అయింది, 2005లో సత్యం తన వాటా రాజు వేగేశ్నకి చెందిన సంస్థకి అమ్మేసింది.

కొనడం మాని అద్దెకి

దెబ్బ తిన్నాక ఐఎస్పీలు పోర్టల్ ఆలోచన మానేశాయా? లేదు. కొనడం మానేసి అద్దెకి తెచ్చుకోవడం నేర్చుకున్నాయి. 2001 నవంబర్‌లో ఎస్‌బీసీ అనే ఫోన్ కంపెనీ యాహూతో ఒప్పందం కుదుర్చుకుంది, 2002లో ఎస్‌బీసీ యాహూ డీఎస్ఎల్ వచ్చింది. 2003లో ఇంగ్లండులో బీటీ యాహూ. మొదట్లో ఎస్‌బీసీయే తలకి ఇంత అని యాహూకి కట్టేది, 2008కల్లా అది మారి ప్రకటనల ఆదాయం పంచుకునే పద్ధతి వచ్చింది.

యాహూ అంత ఖరీదు భరించలేని చిన్న కేబుల్ కంపెనీలకి సినకోర్ లాంటి వాళ్ళున్నారు. న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలోని ఈ కంపెనీ 2012లో షేర్ మార్కెట్‌కి వెళ్ళింది. దాని పని ఏమిటంటే, పోర్టల్ తనే తయారు చేసి, పైన ఐఎస్పీ పేరూ రంగులూ తగిలించి ఇచ్చెయ్యడం. పెళ్ళిళ్ళకి షామియానా వేసేవాడిలాగ అన్నమాట, షామియానా ఒకటే, గుమ్మం మీద పెళ్ళివారి పేర్లు మారతాయి. ఆదాయంలో పెద్ద భాగం పేజీలోని సెర్చ్ పెట్టె నుంచి వచ్చేది. మనం అందులో వెతికితే గూగుల్ ప్రకటనలు వస్తాయి, వాటి డబ్బులో సినకోర్‌కి వాటా, అందులో ఐఎస్పీకి వాటా. ఇంకేం, చెయ్యి కదపకుండా ఆదాయం. 2010ల్లో కూడా చిన్నా చితకా ఐఎస్పీలకి సైతం హోమ్ పేజీ ఎందుకుండేదో దీంతో తేలిపోతుంది.

అయితే జనం నెమ్మదిగా ఆ పేజీకి రావడం మానేశారు. గూగుల్ వచ్చింది, ఫైర్‌ఫాక్స్ వచ్చింది, వైఫై వచ్చాక సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చేసే పనే పోయింది. తలుపు దగ్గర జనం లేకపోతే ఐఎస్పీలు గోడ పక్కన కాపు కాశాయి. అడ్రసు తప్పు టైపు చేస్తే రావాల్సింది ఎర్రర్ పేజీ. 2003 సెప్టెంబర్‌లో డాట్ కామ్ పేర్ల పట్టీ నడిపే వెరిసైన్ ఆ స్థానంలో తన పేజీ చూపించడం మొదలెట్టి, గోల పుట్టి మూడు వారాల్లో మానుకుంది. అదే కిటుకు ఐఎస్పీలు తమ డీఎన్ఎస్ సర్వర్లలో వాడాయి. కామ్‌కాస్ట్ 2009లో పెట్టిన ఇలాంటి ఏర్పాటుని 2012లో తీసేసింది, డీఎన్ఎస్ భద్రత కోసం వచ్చిన కొత్త పద్ధతితో అది పొసగదు కాబట్టి. మనం చేసిన తప్పుల మీద కూడా ప్రకటనలు అతికించే దాకా వచ్చిందంటే, "కస్టమర్ సౌకర్యం" అన్న మాట ఎంత పల్చబడిందో చూడండి.

బురదలో తామర

ఈ మొత్తం వ్యవహారంలో మంచి జరగలేదా అంటే, ఒకటి జరిగింది. 1999లో నెట్‌స్కేప్ తన మై నెట్‌స్కేప్ పేజీలోకి బయటి సైట్ల శీర్షికలు వాటంతటవే వచ్చి చేరడానికి ఒక పద్ధతి కావాలనుకుంది. డాన్ లిబ్బీ, ఐఐటీ మద్రాసులో చదివిన రామనాథన్ గుహా కలిసి దాన్ని తయారు చేశారు. దాని పేరు ఆర్ఎస్ఎస్. అప్పటికి నెట్‌స్కేప్‌ని ఏఓఎల్ కొనేసింది. 2001లో ఏఓఎల్ వాళ్ళు దీన్ని అనవసరం అనుకుని తీసి పారేశారు కూడా.

వాళ్ళు పారేసిన దాన్ని జనం ఏరుకున్నారు. మనల్ని ఒక పేజీలో కూర్చోబెట్టడానికి పుట్టిన సాధనమే, ఏ పోర్టల్‌తోనూ పని లేకుండా చదువుకునే వీలు కల్పించింది. కూడలి, జల్లెడ లాంటివి తెలుగు రాతలన్నిటినీ ఒక్కచోట చేర్చి చూపించగలిగాయంటే ఆ ఆర్ఎస్ఎస్ చలవే. వాటికీ ఐఎస్పీ పోర్టల్‌కీ తేడా ఒక్కటే. అవి శీర్షిక చూపించి మనల్ని బయటికి పంపేవి.

ప్రహరీగోడ ఆలోచన మాత్రం పోలేదు. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ మొదలెట్టినప్పుడు, మొదటి విడతలోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి, భాషల్లో తెలుగూ ఉంది. డేటా ఖర్చు లేకుండా వాతావరణం, వార్తలు, ఉద్యోగాలు, ఇంకా ఎంపిక చేసిన కొన్ని సైట్లు. జాబితా చదివితే 1998 నాటి పోర్టల్ చదివినట్టే ఉంటుంది. తేడా అల్లా, అప్పట్లో ప్రహరీ దాటాలంటే అడ్రసు టైపు చేస్తే చాలు. ఇక్కడ దాటాలంటే డబ్బు కట్టాలి. తర్వాత ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు. లక్షల మంది ట్రాయ్‌కి ఉత్తరాలు రాశారు. 2016 ఫిబ్రవరి 8న, సైట్‌ని బట్టి డేటాకి వేరు వేరు రేట్లు పెట్టకూడదని ట్రాయ్ తేల్చి చెప్పింది. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళలో మన వృత్తివాళ్ళు చాలామందే ఉన్నారు, దానికి మనం కాస్త గర్వపడొచ్చు.

ఇప్పుడెక్కడుంది?

వెరిజాన్ కూడా ఇదే దారిలో వెళ్ళి, 2015లో ఏఓఎల్‌ని 440 కోట్ల డాలర్లకీ, 2017లో యాహూని 448 కోట్లకీ కొంది. 2021లో రెండూ కలిపి 500 కోట్లకి అమ్మేసింది. ఎక్సైట్ కథ తెలిసినవాడెవడైనా ముందే చెప్పగలిగే ముగింపు. 2025 సెప్టెంబర్ 30న ఏఓఎల్ తన డయలప్ సేవని ఆపేసింది. గొట్టం వాళ్ళ హోమ్ పేజీ శకం దాంతో నిండుగా ముగిసిందనుకోవచ్చు.

కానీ నెట్‌స్కేప్ కనిపెట్టిన సత్యం ముగియలేదు. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్యం కేసులో బయటపడ్డ లెక్క ఒకటుంది: ఆపిల్ పరికరాల్లో డీఫాల్ట్ సెర్చ్‌గా ఉండడానికి గూగుల్ 2022లో ఆపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు చెల్లించింది. 1996లో ఒక్కో కంపెనీ 50 లక్షలు కట్టిన ఆ బటన్ ఖరీదే ఇది, పాతికేళ్ళలో ఇంత పెరిగింది. 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తీర్పు ఇచ్చారు.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చుకునే వీలు ఆ ఫోన్లో మొదటి నుంచీ ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు. అయినా అంత డబ్బు కట్టారంటే, మనం మార్చమని వాళ్ళకి అంత నమ్మకం.

అందుకే, ఎవరైనా "మీకు నచ్చినట్టు మార్చుకోండి" అని ఏదైనా చేతిలో పెడితే, మార్చుకోవడానికి ఏమేం ఉన్నాయో చూడ్డం కన్నా, మార్చుకోవడానికి వీల్లేకుండా ఏది వదిలారో చూడ్డం మంచిది. రంగు మార్చొచ్చు, వరస మార్చొచ్చు, రాశిఫలం తీసేసి క్రికెట్ పెట్టుకోవచ్చు. కానీ మన వివరాలు పట్టుకుని బయటికి పోవచ్చా? చిరునామా మనతో వస్తుందా? రేపు వాడు కొట్టు కట్టేస్తే మనకేం మిగులుతుంది? మనలో చాలామందిమి ఇలాంటి వాటిని వాడేవాళ్ళమే కాదు, కట్టేవాళ్ళం కూడా. డీఫాల్ట్ విలువ ఏది పెట్టాలో మీటింగుల్లో తేల్చేది మనమే. ఎక్స్‌పోర్ట్ బటన్‌ని "తర్వాతి రిలీజ్‌లో చూద్దాం" అని పక్కన పెట్టేదీ మనమే.

ఆ బటన్ ఈ రిలీజ్‌లోనే పెట్టించగలిగితే, ఎక్కడో ఎవడికో ఒకడికి ఇల్లు మారేటప్పుడు తన పటాలు తనతో పట్టుకెళ్ళే వీలు దొరుకుతుంది. మన చేతిలో ఉన్నది అంతే, అది తక్కువేం కాదు.